యెరూషలేము యాత్రలో చివరి రోజు: అమ్మగారికి ఏం చెప్పి పంపాలి

సహోదరి గారికి వందనాలు.

మీ ప్రశ్న ఇదీ: పాలకొల్లు నుంచి మీ అమ్మగారు సంఘం వాళ్లతో కలిసి 10 రోజుల పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్తున్నారు. వయసు 62, మోకాళ్ల నొప్పులు, షుగరు ఉన్నాయి. చివరి రోజు యెరూషలేములో ఖాళీ, రాత్రికి విమానం. టూరు వాళ్లు ఆ రోజంతా షాపింగ్ అంటున్నారు. అమ్మగారు మాత్రం ఒక్కచోటైనా నింపాదిగా కూర్చుని ప్రార్థన చేసుకోవాలంటున్నారు. ఆ రోజు ఎలా గడపాలి, ఏమేం తెచ్చుకోవచ్చు, ఎయిర్‌పోర్టులో జాగ్రత్తలేంటి అని అడిగారు.

అమ్మగారి మాటే సరైనది. చివరి రోజు కొత్త స్థలం ఒక్కటి కూడా పెట్టుకోవద్దండి. అప్పటికే చూసిన చోట్లలో ఒకటో రెండో ఎంచుకుని అక్కడికే మళ్లీ వెళ్లాలి. ఈ యాత్రల్లో రోజుకు నాలుగైదు స్థలాలు తిప్పుతారు. బస్సు దిగడం, గైడు చెప్పేది వినడం, ఫొటోలు, బాత్రూమ్ క్యూ, మళ్లీ బస్సు. ఏడో రోజు వచ్చేసరికి కానాలో చూసిన గుడికీ నజరేతులో చూసిన గుడికీ తేడా గుర్తుండదు. అంత దూరం వెళ్లి ప్రార్థనే కుదరలేదన్న బాధ చాలామందికి మిగిలేది ఇందుకే. రెండోసారి వెళ్లినప్పుడు దారి తెలుసు, ఎక్కడ కూర్చోవచ్చో తెలుసు, ఫొటోలు అయిపోయాయి. మనసు ప్రార్థన మీద నిలిచేది అప్పుడే.

ముందు ఆ చివరి రోజు ఏ వారం పడిందో చూడండి. అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. శుక్రవారమైతే మధ్యాహ్నం నుంచి యూదుల దుకాణాలు మూసేస్తారు. పాత పట్టణంలో ముస్లింల నమాజు వేళ సందులు కిక్కిరిసిపోతాయి. ఆ వేళకి దమస్కు గుమ్మం వైపు పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా విశ్రాంతి దినం. యెరూషలేములో సిటీ బస్సులు, ట్రామ్ నడవవు. ఇజ్రాయెల్ విమాన సంస్థ ఎల్ అల్ విమానాలు ఎగరవు. యూదులు ప్రార్థన చేసుకునే పడమటి గోడ దగ్గర ఫొటోలు తీయనివ్వరు, కాగితం మీద రాయనివ్వరు. హోటల్లో ఒక లిఫ్టు దానంతటదే ప్రతి అంతస్తులోనూ ఆగుతూ వెళ్తుంది, బటన్లు పనిచేయవు. సామానుతో కిందికి దిగాల్సిన వాళ్లకు ఇది చాలా ఆలస్యం చేస్తుంది. శనివారం ఖాళీ చేసేవాళ్లు అరగంట ముందే గదుల్లోంచి బయల్దేరాలి. ఆదివారమైతే తోట సమాధి (ప్రభువు సమాధి అని కొందరు చెప్పే మరో చోటు) సందర్శకులకు మూసి ఉంటుంది, ఉదయం ఇంగ్లీషు ఆరాధన మాత్రం జరుగుతుంది.

ఇక ఎక్కడికి వెళ్లాలి? మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు నేను చెప్పేది రెండే: తెల్లవారుజామున పరిశుద్ధ సమాధి మందిరం (ప్రభువు సిలువ, సమాధి ఉన్న చోటని సంప్రదాయం చెప్పే గుడి), ఎండ ముదరక ముందు ఒలీవల కొండ. రెండూ కుదరకపోతే కొండ ఒక్కటి చాలు.

పరిశుద్ధ సమాధి మందిరాన్ని తెల్లారకముందే తెరుస్తారు. పగలు సమాధి గది ముందు గంట, గంటన్నర నిలబడాలి. 5, 6 గంటల మధ్య వెళ్తే చాలా రోజుల్లో పదిమందికి మించి ఉండరు. ఒక్కోసారి ఆ వేళకి లోపల ఏదో ఒక సంఘం ఆరాధన జరుగుతుంటుంది. అప్పుడు గదిలోకి పంపరు, బయట నిలబడి వినవచ్చు. మందిరాన్ని గ్రీకు ఆర్థడాక్స్, రోమన్ కాథలిక్, అర్మేనియన్, కాప్టిక్, సిరియన్, ఇథియోపియన్ సంఘాలు పంచుకుంటాయి. ఎవరి వేళ వాళ్లదే. అక్కడ సన్యాసులు గట్టిగా మాట్లాడి పక్కకు పంపినా నొచ్చుకోవద్దని అమ్మగారికి ముందే చెప్పండి.

లోపలికి అడుగు పెట్టగానే కుడిపక్కన గొల్గొతా పైకి మెట్లుంటాయి. ఇరుకు, ఎత్తు, అరిగిపోయిన రాయి. నొప్పులున్న వాళ్లు మొదటిసారి చూసి ఉంటే రెండోసారి ఎక్కనక్కర్లేదు. ఎదురుగా నేల మీదే ప్రభువు దేహాన్ని సుగంధ ద్రవ్యాలు పూసి సిద్ధం చేశారని చెప్పే పలక ఉంది. చాలామంది దాని మీద చేతిరుమాలు పరిచి ప్రార్థన చేస్తారు. ఆ పలక మోకాలి ఎత్తు కూడా ఉండదు, కాబట్టి వంగి లేచేటప్పుడు పక్కన ఒకరు చెయ్యి పట్టుకోవాలి. సమాధి గది గుమ్మం కూడా పొట్టిదే, నడుము వంచి దూరాలి.

అక్కడికి వెళ్లే దారి గురించి ఒక్క మాట. పాత పట్టణం సందుల్లో పరిచిన సున్నపురాయి నూరేళ్ల నడకకు నున్నగా అరిగి ఉంటుంది. తెల్లవారుజామున మంచు పడినా, సందు కడిగినా, వాన చినుకు పడినా మన గోదావరి రేవు మెట్ల మీద నాచు ఎంత జారుతుందో అంతే జారుతుంది. హవాయి చెప్పులు, తోలు అడుగు చెప్పులు వద్దే వద్దు. రబ్బరు అడుగు, వెనక పట్టీ ఉన్న బూట్లు కావాలి. అవి కనీసం నెల ముందు కొని ఇంటి దగ్గర రోజూ వేసుకుని తిరగాలి. కొత్తవి వేసుకుని విమానం ఎక్కితే మూడో రోజుకే బొబ్బలు. షుగరు ఉన్న వాళ్లకు అది చిన్న విషయం కాదు. చీర కట్టుకోవచ్చు, కానీ కుచ్చిళ్లు చీలమండ పైకి ఉండాలి.

ఒలీవల కొండకు బస్సులోనో టాక్సీలోనో పైకి వెళ్లాలి. నడిచి ఎక్కకూడదు. పైన సెవెన్ ఆర్చెస్ హోటల్ ముందు గట్టు దగ్గర కూర్చుంటే యెరూషలేము మొత్తం ఎదురుగా ఉంటుంది. కింద యూదుల సమాధులు, కెద్రోను లోయ, అవతల గోడ, అందులో మూసేసిన తూర్పు గుమ్మం. ఉదయం ఎండ మన వీపు మీద పడుతుంది, పట్టణం వెలుగులో ఉంటుంది. సాయంత్రం వెళ్తే ఎండ కళ్లలో పడి ఏమీ కనబడదు. 9 దాటితే బస్సులు వరుసకట్టి, అమ్మేవాళ్ల కేకలతో కూర్చోలేరు. 7 గంటలకల్లా అక్కడుండాలి. కిందికి దిగే దారి చాలా వాలు. నొప్పులున్న వాళ్లకు ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ బాధ. కాబట్టి కూర్చుని, లూకా 19లో ప్రభువు పట్టణాన్ని చూసి ఏడ్చిన భాగం చదువుకుని, అదే బస్సులో తిరిగి రావాలి. 120 నుంచి 134 దాకా ఉన్న యాత్ర కీర్తనల్లో ఒకటి రెండు అక్కడ పైకి చదివితే ఎంతో బాగుంటుంది. పాత రోజుల్లో ఈ పట్టణానికి నడిచి వచ్చినవాళ్లు పాడుకున్న కీర్తనలవి.

అక్కడ చేయాల్సిన ముఖ్యమైన పని ఒకటుంది. బయల్దేరేటప్పుడు సంఘంలో వాళ్లు చీటీలు ఇస్తారు. కొడుకు ఉద్యోగం, కూతురి పెళ్లి, డయాలసిస్ మీద ఉన్న అన్నయ్య. ఆ చీటీలు పెట్టె అడుగున ఉండిపోయి, ఇంటికి వచ్చాక బయటపడటం చాలాసార్లు జరిగేదే. ఇచ్చినవాళ్లు "మా గురించి ప్రార్థన చేశారా" అని అడిగినప్పుడు తల దించుకోవాల్సి వస్తుంది. బయల్దేరే ముందే ఆ పేర్లన్నీ ఒక చిన్న నోటుపుస్తకంలో మీరే పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. చివరి రోజు కొండ మీద ఒక్కొక్క పేరు చదివి ప్రార్థన చేస్తే సరిపోతుంది. 60 పేర్లకు ముప్పావు గంట పడుతుంది. పడమటి గోడ సందుల్లో చీటీలు పెట్టాలని కొందరికి ఉంటుంది, పెట్టవచ్చు. ఏడాదికి రెండుసార్లు వాటిని తీసి ఇదే ఒలీవల కొండ మీద పాతిపెడతారు. ఆడవాళ్ల వైపు వేరుగా, చిన్నదిగా ఉంటుంది.

చివరి రోజు తోట సమాధిలో ప్రభువు బల్ల తీసుకోవాలని చాలా గుంపులు అనుకుంటాయి. దానికి ముందే బుక్ చేయాలి, అప్పటికప్పుడు వెళ్తే చోటు దొరకదు. అయితే మన డెల్టా గుంపుల్లో ఒక ఇబ్బంది ఉంది. నరసాపురం, పాలకొల్లు వైపు 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలతో మొదలైన గోదావరి డెల్టా మిషన్ సంఘాల వాళ్లు ఉంటారు. వాళ్లలో సహోదరుల్లో ఎవరైనా లేచి రొట్టె విరుస్తారు. లూథరన్ వాళ్లకు అభిషేకం పొందిన అయ్యగారు ఉండాలి. బాప్తిస్టులు, పెంతెకొస్తు వాళ్లు మరో తీరు. ఒకే గిన్నెలో తాగాలా, చిన్న కప్పులా అన్నది కూడా తేలాలి. అక్కడికి వెళ్లాక సమాధి ముందు నిలబడి దీని మీద మాటా మాటా అనుకోవడం ఎంత బాధో చూసినవాళ్లకు తెలుస్తుంది. ముందు రోజు రాత్రి భోజనాల దగ్గరే, ఎవరు నడిపిస్తారు, ఎవరు పాల్గొనరు, పాల్గొననివాళ్లు ఎక్కడ కూర్చుంటారు అని గుంపు పెద్ద తేల్చాలి. పాల్గొననివాళ్లను బలవంతం చేయకూడదు.

సాక్ష్యం గురించి మీరు అడగలేదు, కానీ అమ్మగారిని తిరిగొచ్చిన ఆదివారమే యాత్ర గురించి చెప్పమని సంఘం ముందు నిలబెడతారు, కాబట్టి చెప్తాను. చూసినదాన్ని చూసినట్టే చెప్పాలి. తోట సమాధే ప్రభువు సమాధి అని ఖాయంగా చెప్పకూడదు. 1883లో బ్రిటిష్ సైన్యాధికారి జనరల్ గోర్డన్ ఆ చోటును ఎత్తిచూపాక దానికి పేరొచ్చింది. పురావస్తు పరిశోధకులు ఆ గుహను క్రీస్తుకు కొన్ని వందల ఏళ్ల ముందటిదని చెప్పారు. సువార్తలో కొత్త సమాధి అని ఉంది కదా. పరిశుద్ధ సమాధి మందిరం ఉన్న చోటుకైతే 335లో ప్రతిష్ఠ జరిగింది, దాని సంప్రదాయం చాలా పాతది. గెత్సేమనే తోటలో 8 ముసలి ఒలీవ చెట్లున్నాయి. 2012లో వెలువడిన పరీక్షల్లో మూడు చెట్ల మానులు 11, 12 శతాబ్దాల నాటివని తేలింది. "ప్రభువు ఈ చెట్టు కిందే ప్రార్థించారు" అంటే అది నిజం కాదు. "ఈ కొండ దిగువనే ప్రార్థించారు" అంటే నిజం. విశ్వాసానికి అంత చాలు. సండే స్కూలు పిల్లలు రేపు ఫోనులో చూసుకుంటారు, అబద్ధం దొరికితే మిగతాదీ నమ్మరు.

మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే యొర్దాను గురించి చెప్పమనండి. పాటల్లో విన్న యొర్దానును గోదావరిలా ఊహించుకుని వెళ్తారు. యెరికో దగ్గర కస్ర్ అల్ యహూద్ రేవులో చూస్తే మన పంట కాలువంత. అవతలి గట్టు జోర్డాన్ దేశం, అక్కడ నిలబడిన మనిషితో మామూలు గొంతుతో మాట్లాడవచ్చు. మన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలకు నీళ్లు మళ్లించినట్టే, అక్కడ 1932లో గలిలయ సముద్రం నుంచి నది బయటికి వచ్చే చోట ఆనకట్ట వేశారు. 1964 నుంచి చాలా ఏళ్లు ఆ నీటిని పెద్ద పైపుల్లో దక్షిణాదికి తీసుకెళ్లారు. అవతల జోర్డాన్ కూడా యార్ముకు నది నీళ్లు కాలువకు మళ్లించింది. పైన అందరూ తీసుకుంటే శివారు ఆయకట్టుకు ఏం మిగులుతుందో మన రైతుకు చెప్పక్కర్లేదు. చివర ఉన్న మృత సముద్రం ఏటా సుమారు ఒక మీటరు దిగిపోతోంది. గలిలయ సముద్రం పేరుకే సముద్రం, 21 కిలోమీటర్ల పొడవున్న మంచినీటి సరస్సు. అక్కడ పేతురు చేప అని పళ్లెంలో పెట్టేది తిలాపియా జాతి చేప. మన చెరువుల్లో తిలాపియాను చూసినవాళ్లు వెంటనే పోలుస్తారు.

ఆ యొర్దాను నీళ్లే ఇంటికి తేవాలనుకుంటారు. దిగువ యొర్దానులోకి మురుగు, చేపల చెరువుల నీళ్లు, ఉప్పు ఊటలు కలుస్తాయి. భీమవరం వైపు చెరువు నీళ్లు వదిలిన డ్రెయిను నీళ్లను ఎవరైనా రోగికి తాగిస్తారా? ఇవీ అంతే. తాగించకూడదు, కళ్లకు రాయకూడదు. జ్ఞాపకానికి 100 మిల్లీలీటర్ల సీసా ఒకటి చాలు. నది నీళ్లు పట్టుకుంటే కొద్ది రోజులకే అడుగున ఒండ్రు పేరి వాసన వస్తుంది. మూతకు టేపు చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, తువ్వాలులో చుట్టి పెద్ద పెట్టెలో పెట్టాలి. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవం ఏదీ చాలా ఎయిర్‌పోర్టుల్లో పోనివ్వరు. నూనె సీసాలు, మృత సముద్రం బురద కూడా పెద్ద పెట్టెలోకే.

మట్టి మాత్రం వద్దు. గొల్గొతా మట్టి, ఒలీవ మొక్క, గింజలు ఇవేవీ అనుమతి లేకుండా భారతదేశంలోకి తేకూడదు, 2003 నాటి మొక్కల క్వారంటీన్ ఉత్తర్వు ఉంది. శిథిలాల దగ్గర రాళ్లు, పెంకులు ఏరితే అక్కడి చట్టం ప్రకారం నేరం. ఒలీవ కర్రతో చేసిన వస్తువులు తెచ్చుకోవచ్చు. వాటిని చివరి రోజు కాకుండా బేత్లెహేములోనే కొనమనండి. అసలైన ఒలీవ కర్రలో ముదురు గోధుమరంగు చారలు సుడులు తిరిగి ఉంటాయి, ఏ రెండు ముక్కలూ ఒకేలా ఉండవు. బెరడు ఉన్న ముక్కలు తీసుకోవద్దు.

ఇప్పుడు ఎయిర్‌పోర్టు. మీ అమ్మగారికి ఇంగ్లీషు రాకపోతే ఇది అన్నింటికంటే జాగ్రత్తగా వినండి. అక్కడి బెన్ గురియన్ ఎయిర్‌పోర్టులో సామాను ఇవ్వకముందే భద్రతా సిబ్బంది ఒక్కొక్కరినీ ప్రశ్నిస్తారు. మన పెద్దవాళ్లు ఏది అడిగినా తలూపి "యెస్, యెస్" అంటారు. అక్కడ ఒక ప్రశ్న "ఎవరైనా మీకు ఏదైనా ఇచ్చి తీసుకెళ్లమన్నారా" అని. దానికి యెస్ అంటే పెట్టెలన్నీ విప్పించి, గంటసేపు పక్కన కూర్చోబెడతారు. వెనక ఉన్న గుంపంతా ఆగిపోతుంది. మూడు ప్రశ్నలు ఇంటి దగ్గరే నేర్పండి: పెట్టె ఎవరు సర్దారు, సర్దాక ఎక్కడుంది, ఎవరైనా ఏమైనా ఇచ్చారా. అర్థం కాకపోతే "నో ఇంగ్లీష్, తెలుగు" అని గుంపు పెద్దను చూపించాలి. గుంపు పెద్ద దగ్గర అందరి పేర్ల జాబితా, సంఘం లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషు ఉత్తరం ఉంటే త్వరగా తేలుతుంది.

ఇందులో మనవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లను చూసుకునే పనిలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఊరివాళ్లు వచ్చారని చివరి రోజు హోటల్‌కు వచ్చి ప్రేమగా పలకరించి, "మా పిల్లలకి ఇవ్వండి పిన్నిగారూ" అని ప్యాకెట్ ఇస్తారు. కాదనలేరు. తీసుకుంటే ఆ ప్యాకెట్‌ను ఎదుటే విప్పించి, ఒక్కొక్కటీ చూసి, తన చేత్తోనే మళ్లీ సర్దుకోవాలి. ఎయిర్‌పోర్టులో అడిగితే "ఇచ్చారు, విప్పి చూశాను" అని నిజమే చెప్పాలి. కుట్టేసిన మూటలు, గిఫ్టు కాగితం చుట్టినవి తీసుకోవద్దు. ఎంత దగ్గరి వాళ్లైనా సరే.

ఇజ్రాయెల్‌లో పాస్‌పోర్టు మీద ముద్ర వేయకుండా చిన్న నీలం చీటీ ఇస్తారు. వెళ్లేదాకా అది పాస్‌పోర్టులోనే ఉండాలి. విమానానికి 3 గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి, గుంపు అయితే ఇంకా ముందే. యెరూషలేము నుంచి 50 కిలోమీటర్లు, సాయంత్రం ట్రాఫిక్‌లో గంటన్నర కూడా పడుతుంది. మీ గుంపు అమ్మాన్ మీదుగా తిరిగి వస్తుంటే విషయం వేరు. జోర్డాన్‌లోకి దాటే సరిహద్దు అయిన అలెన్‌బీ వంతెన దగ్గర శుక్ర, శనివారాల్లో వేళలు వేరుగా ఉంటాయి, దేశం దాటే రుసుము ఉంటుంది. అది టూరు డబ్బులో కలిపారో లేదో ముందే అడగండి. అక్కడి పరిస్థితులు ఎప్పుడు మారతాయో చెప్పలేం కాబట్టి బయల్దేరే వారం ముందు మన విదేశాంగ శాఖ సూచనలు ఒకసారి చూడండి.

మందుల మాట. అక్కడి గడియారం మనకంటే చలికాలంలో మూడున్నర గంటలు, వేసవిలో రెండున్నర గంటలు వెనక. వెళ్లేటప్పుడు రోజు పొడవవుతుంది, తిరిగొచ్చే రోజు పొట్టిదవుతుంది. రాత్రి మాత్ర అక్కడ వేసుకుని, హైదరాబాదులో తెల్లారిందని వెంటనే ఉదయం మాత్ర వేసుకుంటే రెండు మోతాదులు దగ్గరపడతాయి. ఇన్సులిన్ వాడుతుంటే ఆ ఒక్క రోజు లెక్క డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. మందులు, డాక్టరు చీటీ, రెండు బిస్కెట్ ప్యాకెట్లు చేతి సంచిలోనే ఉండాలి. హోటళ్లలో యూదుల నియమం ప్రకారం మాంసం ఉన్న భోజనంలో పాలు, పెరుగు ఉండవు. రాత్రి పెరుగన్నం, పాల టీ ఆశించొద్దని చెప్పండి, చాలామంది దానివల్లే సరిగ్గా తినక చివరి రోజుకు నీరసపడతారు.

ముందు రోజు రాత్రి, సామాను సర్దేశాక, పడుకునే ముందు ఒక గంట నోటుపుస్తకానికి కేటాయించమనండి. ఒక్కో స్థలానికి ఒక్కో పేజీ: స్థలం పేరు, అక్కడ ఏం చదివారు, అనుకున్నదానికీ చూసినదానికీ ఏం తేడా కనిపించింది. పక్కన ఎవరైనా కుర్రాళ్లు ఉంటే ఫోనులోని వందల ఫొటోల్లోంచి 20 ఎంచి వాటికి స్థలం పేర్లు పెట్టించుకోవాలి. ఆ రాత్రి గుర్తున్న పేర్లు పాలకొల్లు చేరేసరికి గుర్తుండవు.

ఇంకొకటి. కొండ మీద కూర్చున్నప్పుడు ఏమీ అనిపించలేదని అమ్మగారు ఫోనులో బాధపడితే, విశ్వాసం తగ్గిందని కాదని చెప్పండి. పది రోజుల అలసట, నిద్రలేమి, కాళ్ల నొప్పులు. చాలామందికి కన్నీళ్లు వచ్చేది అక్కడ కాదు. ఇంటికొచ్చి రెండు మూడు వారాల తర్వాత ఆరాధనలో ఆ చోటి పేరు చదివినప్పుడు వస్తాయి. అందుకే అయ్యగారితో మాట్లాడి సాక్ష్యాన్ని వచ్చిన ఆదివారం కాకుండా మూడో ఆదివారానికి పెట్టించండి. హైదరాబాదులో దిగిన రోజే నరసాపురం ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీసుకునేటట్టయితే, విమానం ఆలస్యమైనా అందేలా కనీసం 5 గంటలు వదిలి, కింది బెర్తు అడిగి బుక్ చేయండి.